మేడ మీద కండెన్సర్, కింద చిల్లర్: పైకెళ్లే గ్యాస్ పైపు లావుగా వేయాలా, సన్నగా వేయాలా?

రాయగడ, సైట్ ఇంజనీరు:
అందరికీ నమస్కారం. ఒడిశా రాయగడలో మూడంతస్తుల ఆసుపత్రి ఒకటి కడుతున్నాం. ఏసీ కోసం 40 టన్నుల చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) దిగింది. చిల్లర్ కింద ప్లాంట్ రూమ్‌లో ఉంటుంది, వేడి గ్యాస్‌ని ఫ్యాన్లతో చల్లబరిచి ద్రవంగా మార్చే కండెన్సర్ విడిగా మేడ మీద ఉంటుంది. కూలింగ్ టవర్ ఆలోచన మొదట్లోనే వదిలేశాం. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, వేసవిలో ఆ నీళ్లు కూడా అంతంత మాత్రమే.

గ్యాస్ ఆర్-134ఏ. కంప్రెసర్ నుంచి కండెన్సర్ దాకా పైపు పొడవు 30 మీటర్లు, అందులో నిలువుగా ఎక్కేది 12 మీటర్లు. ఎల్బోలు, వాల్వులు కూడా పైపు పొడవులోకి మార్చి కలిపితే సుమారు 50 మీటర్ల లెక్క వచ్చింది. ఇద్దరు కాంట్రాక్టర్లు కొటేషన్ ఇచ్చారు. ఒకరు డిశ్చార్జ్ లైన్ (కంప్రెసర్ నుంచి పైకెళ్లే ఈ గ్యాస్ పైపు) మొత్తం 2-1/8 అంగుళాల రాగి పైపు అన్నారు, ఇంకొకరు మొత్తం 1-5/8 అన్నారు. సన్నగా వేస్తే కరెంటు తినేస్తుందని మొదటాయన, లావుగా వేస్తే గ్యాస్‌తో పాటు కొట్టుకుపోయే కంప్రెసర్ నూనె పైకి ఎక్కక కంప్రెసర్ పట్టేస్తుందని రెండో ఆయన. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. వచ్చే వారం వైజాగ్‌కి రాగి పైపు ఆర్డర్ పెట్టాలి. ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

బరంపురం, ఏసీ కాంట్రాక్టర్:
2-1/8 వేయండి, రెండో ఆలోచన వద్దు. డిశ్చార్జ్ లైన్‌లో ఒత్తిడి నష్టం గ్యాస్ కండెన్సింగ్ ఉష్ణోగ్రతలో (గ్యాస్ ద్రవమయ్యే ఉష్ణోగ్రత, ఒత్తిడిని బట్టి మారుతుంది) ఒక డిగ్రీకి సమానమైనంత లోపల ఉండాలన్నది మన పనిలో అందరూ పాటించే హద్దు. 45 డిగ్రీల కండెన్సింగ్ దగ్గర ఆర్-134ఏకి ఒక డిగ్రీ అంటే దాదాపు 0.3 బార్. 40 టన్నులకి 2-1/8 పైపులో, మీరు చెప్పిన 50 మీటర్లకి నష్టం 0.27 బార్ దగ్గర ఉంటుంది. హద్దు లోపలే ఉంది. అదే 1-5/8 లో ఒక బార్ దాటుతుంది, అంటే మూడున్నర డిగ్రీలు. పైన కండెన్సర్ తన మానాన తను 45 దగ్గర పనిచేస్తున్నా, కింద కంప్రెసర్ మాత్రం 48 దాటిన ఒత్తిడికి గ్యాస్‌ని నెట్టాలి.

డిగ్రీకి కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది. 40 కిలోవాట్ల యంత్రం మీద రెండు పైపులకీ తేడా గంటకి సుమారు మూడు యూనిట్లు. ఆసుపత్రి కదా, ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటుంది. రాగిలో మిగిల్చిన డబ్బు బిల్లు రూపంలో తిరిగి కట్టేస్తారు.

ఒక సంగతి కూడా చెప్పాలి. మా వైపు గోపాల్‌పూర్ ఉప్పుగాలికి కండెన్సర్ల అల్యూమినియం ఫిన్నులు పొడిపొడిగా రాలిపోతాయి. రాయగడలో ఆ బాధ లేదు, దుమ్ము మాత్రం ఉంటుంది. పైపు ఎంత బాగా వేసినా, ఫిన్నులు మూసుకుపోతే హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నెట్టాల్సిన ఒత్తిడి) ఐదారు డిగ్రీలకి సమానమైనంత పైకి పోతుంది. మేడ మీదికి నీటి కుళాయి ఒకటి ఇప్పుడే లాగించుకోండి.

పర్లాకిమిడి, సర్వీస్ మెకానిక్:
అన్నా, కరెంటు లెక్క కాదనను. కానీ నాకు ఫోన్ వచ్చేది బిల్లు ఎక్కువైనప్పుడు కాదు, కంప్రెసర్ ఆగిపోయినప్పుడు.

లావు పైపు వేసిన మేడ కండెన్సర్ సిస్టమ్ ఒకటి విప్పాను. క్రాంక్‌షాఫ్ట్ బేరింగు మీద తెల్ల లోహం ఒక వైపంతా అరిగి రాగిరంగు బయటపడింది. కనెక్టింగ్ రాడ్డు వేలితో కదిపితే టకటక మంది. సంపులో (కంప్రెసర్ అడుగున నూనె నిలిచే చోట) నూనె, లెవెల్ చూపే సైట్ గ్లాస్ అడుగున గీతలా ఉంది. అంతకుముందు వచ్చినవాళ్లు నూనె తగ్గిందని మళ్లీ మళ్లీ పోశారు. ఆ నూనెంతా ఎక్కడుందో పైపు కోశాకే తెలిసింది, రైజర్ (నిలువుగా ఎక్కే పైపు) అడుగు బెండులో. ఒకరోజు పూర్తి లోడు రాగానే అదంతా ఒక్కసారి తోసుకుపోయి కండెన్సర్ అడుగు ట్యూబులు నింపింది, హెడ్ ప్రెషర్ పెరిగి యంత్రం కట్ అయింది.

పగలు ఓపీ, ఆపరేషన్ థియేటర్, వార్డులు అన్నీ నడుస్తుంటే లోడు ఉంటుంది. రాత్రి పది దాటాక ఐసీయూ, రెండు మూడు గదులు. అప్పుడు గ్యాస్ నెమ్మదిస్తుంది, నూనె గోడ పట్టుకుని కిందికి జారుతుంది. 1-5/8 వేసుకోండి తమ్ముడూ, నిద్ర పడుతుంది.

బరంపురం, ఏసీ కాంట్రాక్టర్:
మీరు చూసింది నిజమే. దానికి మందు పైపు సన్నం చేయడం కాదు, ఆయిల్ సెపరేటర్ పెట్టడం. డిశ్చార్జ్ మీదే నూనె విడిపోయి తిరిగి సంపుకి వచ్చేస్తుంది, రైజర్‌తో గొడవే ఉండదు.

పర్లాకిమిడి, సర్వీస్ మెకానిక్:
సెపరేటర్ మంచిదే, పెట్టుకోమనే అంటాను. కానీ నూనె మొత్తాన్ని ఏ సెపరేటరూ ఆపలేదు. కొంచెం కొంచెం తప్పించుకున్నది నెలలు తిరిగేసరికి లీటర్లవుతుంది. పైగా రాత్రి యంత్రం ఆగినప్పుడు సెపరేటర్ చల్లబడితే అందులో గ్యాస్ ద్రవంగా మారుతుంది, ఫ్లోట్ తెరుచుకుని నూనెతో పాటు అదీ సంపులోకి దిగుతుంది. సంపులో నూనె పలచబడితే బేరింగుకి అదీ దెబ్బే. సెపరేటర్ పెట్టాం కాబట్టి రైజర్ ఎలా ఉన్నా పర్లేదంటే నేను ఒప్పుకోను.

జయపురం, డిజైన్ ఇంజనీరు:
రాయగడ మిత్రమా, ఇద్దరు పెద్దలూ మాట్లాడుతున్నది రెండు వేర్వేరు పరిస్థితుల గురించి. ఒకరు మధ్యాహ్నం రెండు గంటల గురించి, ఇంకొకరు రాత్రి రెండు గంటల గురించి. పైపు మాత్రం రెండు వేళలా అదే ఉంటుంది. అందుకని 40 టన్నులన్న అంకె ఒక్కటే చాలదు. రెండు విషయాలు చెప్పండి. చిల్లర్‌లో కంప్రెసర్లు ఎన్ని, అవన్నీ ఒకే సర్క్యూట్‌లో (గ్యాస్ తిరిగే దారిలో) ఉన్నాయా, విడివిడి సర్క్యూట్లా? కనిష్ఠంగా ఎంత లోడుకి దిగుతుంది?

రెండు సర్క్యూట్లు విడిగా ఉంటే ఈ తగాదా చాలావరకు తీరిపోతుంది. దేని పైపులు దానికి ఉంటాయి, లోడు తగ్గితే ఒక సర్క్యూట్ పూర్తిగా ఆగిపోతుంది, రెండోదాని పైపులో వేగం తగ్గదు.

రాయగడ, సైట్ ఇంజనీరు:
సార్, ఒకే సర్క్యూట్. రెండు సెమీ హెర్మెటిక్ పిస్టన్ కంప్రెసర్లు పక్కపక్కన, డిశ్చార్జ్ ఒకే హెడర్‌లో కలుస్తుంది. ఒక్కో కంప్రెసర్ సగం సామర్థ్యానికి తగ్గి నడవగలదు (అన్‌లోడ్ అవుతుంది). అంటే ఒకటి ఆగి, రెండోది సగంలో నడిస్తే మొత్తంలో నాలుగో వంతు. రాత్రిళ్లు అలాగే నడుస్తుందని కంపెనీ మనిషి కూడా అన్నాడు. చిల్డ్ వాటర్ 7 డిగ్రీలు.

కోరాపుట్, రిటైర్డ్ ప్లాంట్ ఇంజనీరు:
అలాగైతే జవాబు ఎప్పటినుంచో ఉన్నదే. డబుల్ రైజర్ వేయించండి బాబూ. 12 మీటర్ల నిలువు ముక్కకి రెండు పైపులు, ఒకటి 1-3/8, ఒకటి 1-5/8. రెండింటి లోపలి వైశాల్యం కలిపితే ఒక 2-1/8 తో దాదాపు సమానం. తక్కువ లోడులో పెద్దదాని అడుగునున్న ట్రాప్‌లో (నూనె నిలిచే వంపులో) నూనె నిండి ఆ దారి మూసుకుంటుంది. గ్యాస్ అంతా చిన్నదానిలోంచి వేగంగా పోతూ నూనెను వెంట తీసుకెళ్తుంది. లోడు పెరిగితే ఒత్తిడి తేడాకి ట్రాప్‌లో నూనె తోసుకుపోయి రెండో దారి తెరుచుకుంటుంది. మధ్యాహ్నానికీ సరిపోతుంది, రాత్రికీ సరిపోతుంది. పాత ప్లాంట్లలో మేం ఇలాగే చేశాం, యంత్రాలు దశాబ్దాలు నడిచాయి.

పైన కలిపేటప్పుడు మాత్రం ఒక్కో రైజర్ అడ్డపైపుకి పై నుంచి వచ్చి కలవాలి. పక్క నుంచి నేరుగా కలిపితే పనిచేస్తున్న పైపులోని నూనె పనిచేయని పైపులోకి జారుతుంది.

గుణుపురం, పైపు మేస్త్రీ:
పెద్దాయన చెప్పింది కాగితం మీద బాగుంటుంది. షాఫ్ట్‌లో నిలబడి చేసేవాడిని నేను, నా మాట కూడా వినండి. ఆసుపత్రి షాఫ్ట్ అంటే ఆక్సిజన్ లైను, డ్రెయిన్లు, కేబుల్ ట్రే అన్నీ అందులోనే ఉంటాయి. అందులో రెండు రైజర్లు, అడుగున ట్రాప్, పైన రెండు గూస్‌నెక్కులు (పైకెళ్లి తిరగబడి దిగే వంపులు). ఒక్క పైపుతో పోలిస్తే అతుకులు రెట్టింపు కంటే ఎక్కువ. గోడ వైపు ఉన్న అతుకు వెనకాల మంట సరిగ్గా తిరగదు, రాడ్డు ముందువైపే కరిగి మెరుస్తుంది, వెనక సందు ఖాళీగా మిగిలిపోతుంది. అద్దం పెట్టి చూస్తే గానీ తెలియదు. లీకు వచ్చేది అక్కడే.

ట్రాప్ గురించి ఇంకో మాట. దాన్ని ఎంత చిన్నగా చేస్తే అంత మంచిది. విడి ఎల్బోలు అతికించి వెడల్పుగా చేస్తే అందులో నిలిచే నూనే సంపులో లెవెల్ తగ్గించేస్తుంది. కొందరు ప్రతి మూడు మీటర్లకీ ఒక ట్రాప్ పెడతారు, నూనె మెట్టు మెట్టుగా ఎక్కుతుందని. సైజు సరిగ్గా ఉన్న పైపుకి మధ్యలో ట్రాపులు అవసరమే లేదు, ప్రతి ట్రాపూ ఇంకో మూడు నాలుగు బెండులు కలుపుతుంది. అడుగున ఒకటి చాలు. చిల్లర్ కంపెనీ పుస్తకంలో వేరేగా రాసి ఉంటే మాత్రం అది పాటించాలి, లేకపోతే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

జయపురం, డిజైన్ ఇంజనీరు:
ఇప్పుడు లెక్క వేయొచ్చు. 40 టన్నులంటే 140 కిలోవాట్లు. 7 డిగ్రీల చిల్డ్ వాటర్‌కి, 45 కండెన్సింగ్‌కి ఆర్-134ఏ సెకనుకి సుమారు 0.95 కిలోలు తిరుగుతుంది. డిశ్చార్జ్ 70 డిగ్రీల దగ్గర గ్యాస్ సాంద్రత ఘనపు మీటరుకి 49 కిలోలు అనుకుందాం.

2-1/8 పైపులో పూర్తి లోడు వేగం సెకనుకి 9.7 మీటర్లు. నాలుగో వంతులో 2.4. 1-5/8 లో పూర్తి లోడుకి దాదాపు 17 మీటర్లు, నాలుగో వంతులో 4.2.

నూనె పొర గోడ వెంట పైకి ఎక్కాలంటే కనీస వేగం ఉండాలి, పైపు లావు పెరిగేకొద్దీ ఆ కనీసం కూడా పెరుగుతుంది. ఈ సాంద్రతకి 2-1/8 లో ఆ హద్దు 2.5 దగ్గర, 1-5/8 లో 2.2 దగ్గర వస్తోంది. అంటే లావు పైపు రాత్రిళ్లు సరిగ్గా హద్దు కిందికి జారుతోంది. పర్లాకిమిడి అన్న చూసిన నూనె అక్కడిదే. సన్న పైపులో వేగం హద్దుకి దాదాపు రెట్టింపు ఉంది.

కానీ ఈ ఇబ్బంది నిలువు పైపుకే. అడ్డంగా పోయే పైపు గ్యాస్ పోయే వైపుకి మీటరుకి సెంటీమీటరు చొప్పున వాలుగా ఉంటే నూనె తనంతట తానే ముందుకి పారుతుంది, దానికి అంత వేగం అక్కర్లేదు. మరి 12 మీటర్ల కోసం మొత్తం 30 మీటర్లనీ సన్నం చేయడం ఎందుకు? అడ్డపైపు అంతా 2-1/8, రైజర్ ఒక్కటే 1-5/8 చేస్తే రైజర్‌లో 0.25 బార్, మిగతా దానిలో 0.2 బార్, మొత్తం 0.45 చిల్లర. అంటే ఒకటిన్నర డిగ్రీ. బరంపురం అన్న హద్దు కొంచెం దాటుతుంది, కానీ మూడున్నర కాదు. కరెంటులో తేడా గంటకి యూనిట్ లోపే.

ఇంకో విషయం. 50 మీటర్ల లెక్కలో ఏ వాల్వులు కలిపారో చూసుకోండి. ఈ సైజులో ఒక గ్లోబ్ వాల్వు 15 మీటర్ల పైపు కంటే ఎక్కువ అడ్డు. దాని బదులు నిండు దారి ఉన్న బాల్ వాల్వు, పొట్టి ఎల్బోల బదులు లాంగ్ రేడియస్ ఎల్బోలు వేస్తే ఆ మిగిలిన అర డిగ్రీ అక్కడే తిరిగొస్తుంది.

బరంపురం, ఏసీ కాంట్రాక్టర్:
రైజర్ మటుకే తగ్గించడం, సరే, ఇది నేను ఒప్పుకోగలను. నా అభ్యంతరం మొత్తం లైన్‌ని సన్నం చేయడం మీదే. అయినా మనసులో ఉన్నది అడుగుతాను. హాట్ గ్యాస్ బైపాస్ (డిశ్చార్జ్ గ్యాస్‌లో కొంత మళ్లించే పైపు) పెడితే రాత్రి కూడా కంప్రెసర్ మీద లోడు నిలబడుతుంది కదా? అప్పుడు 2-1/8 రైజర్‌కే సరిపోయే గ్యాస్ ఉంటుంది.

జయపురం, డిజైన్ ఇంజనీరు:
ఉండదండీ. బైపాస్ గ్యాస్ కంప్రెసర్ డిశ్చార్జ్ దగ్గరే మళ్లి ఎవాపరేటర్‌లోకి (చిల్లర్‌లో నీళ్లు చల్లబడే భాగంలోకి) పోతుంది, రైజర్ ఎక్కదు. కంప్రెసర్ ఎంత పని చేస్తున్నా, మేడ మీదికి పోయేది అసలు లోడుకి తగిన గ్యాసే. ఇంకా చెప్పాలంటే బైపాస్ తెరుచుకున్న కొద్దీ రైజర్‌లో వేగం కనీస మెట్టు కంటే కూడా పడిపోతుంది. ఈ ఆసుపత్రికి బైపాస్ ఉంటే రైజర్ లెక్క మళ్లీ వేయాలి.

కోరాపుట్, రిటైర్డ్ ప్లాంట్ ఇంజనీరు:
మేం నేర్చుకున్న కొలత రైజర్‌లో సెకనుకి 5 మీటర్లు. మీ 4.2 దానికి తక్కువే. డబుల్ రైజర్‌లో చిన్న పైపు ఆ లోడుకి 6 ఇస్తుంది. రోగులున్న చోట ఇంత అంచున నడిపించడం నాకు నచ్చదు.

జయపురం, డిజైన్ ఇంజనీరు:
గురువు గారూ, ఆ 5 అన్ని గ్యాసులకీ, అన్ని సైజులకీ సరిపడేలా భద్రత కలిపి చెప్పిన మోటు కొలత. దాన్ని నేను తీసిపారేయను. కానీ నాలుగో వంతు లోడు వచ్చేది చల్లటి రాత్రుల్లో. అప్పుడు కండెన్సింగ్ 35కి దిగితే గ్యాస్ పలచబడి అదే పైపులో వేగం 5 దగ్గరికి వస్తుంది. 4.2 అన్నది 45 దగ్గర లెక్క. మేస్త్రీ గారు చెప్పిన షాఫ్ట్ ఇబ్బంది కూడా తూకంలో పెడితే, ఈ పనికి నా ఓటు ఒకే రైజర్‌కే. 15, 20 శాతానికి దిగే యంత్రమైతే మీ డబుల్ రైజరే వేయమంటాను.

మీ కోరాపుట్ కొండల మీద చలికాలం రాత్రులు 10 డిగ్రీల లోపుకి పోతాయి కదా. అక్కడైతే హెడ్ ప్రెషర్ మరీ పడిపోకుండా ఫ్యాన్లు ఒక్కొక్కటిగా ఆపే ఏర్పాటు తప్పనిసరి. రాయగడకీ అది పెట్టుకోవాలి, లేకపోతే ద్రవాన్ని ఎవాపరేటర్‌లోకి కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వుకి చాలినంత ఒత్తిడి అందదు.

కోరాపుట్, రిటైర్డ్ ప్లాంట్ ఇంజనీరు:
లెక్క అర్థమైంది. అయినా నా అభిప్రాయం మారలేదు. సైట్‌లో కండెన్సింగ్ మీరు రాసినట్టే ప్రవర్తించదు. ఫిన్నులు మూసుకున్న రాత్రి కూడా అది 45 దగ్గరే ఉంటుంది.

పర్లాకిమిడి, సర్వీస్ మెకానిక్:
సైజు ఎంతైనా సరే, ఒకటి మాత్రం మర్చిపోవద్దు. కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది? 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లా మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. యంత్రం ఆగింది, సంపు నూనెని వెచ్చగా ఉంచే క్రాంక్‌కేస్ హీటరూ ఆగింది. మేడ మీద వేడిగా ఉన్న కండెన్సర్‌లోంచి గ్యాస్ కింద చల్లగా ఉన్న ప్లాంట్ రూమ్‌కి దిగి, పైపులోనే ద్రవమై కంప్రెసర్ హెడ్ మీద కూర్చుంటుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే వాల్వు ప్లేట్లు విరుగుతాయి.

అందుకే డిశ్చార్జ్ పైపు కంప్రెసర్ దగ్గర నేరుగా పైకి ఎక్కకూడదు. ముందు నేల దాకా దిగి, అక్కడ బెండు తిరిగి, తర్వాత ఎక్కాలి. జారిన నూనె, ద్రవం ఆ అడుగులో ఆగుతాయి. పైన కండెన్సర్ ఇన్‌లెట్ కంటే ఎత్తుకి వెళ్లి తిరగబడి దిగాలి. డిశ్చార్జ్‌లో చెక్ వాల్వు (ఒక వైపుకే పోనిచ్చేది) ఒకటి ఉండాలి. హీటర్‌కి వేరే ఫీడర్, వీలైతే జనరేటర్ మీద. ఎక్కువసేపు కరెంటు పోయి వస్తే, హీటర్ కొన్ని గంటలు వేడెక్కాకే స్టార్ట్ చేయాలని ప్లాంట్ రూమ్ గోడ మీద ఒడియాలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. రాత్రి డ్యూటీ కుర్రాడికి పుస్తకం దొరకదు.

కండెన్సర్ కాళ్లు కూడా చూసుకోండి. మేడ మీద నాలుగు ఇటుకల మీద పెట్టి వదిలేసినవి తుఫానుకి పక్కకి జరిగి, పైపులు అతుకుల దగ్గర చిరిగిపోయాయి. కాంక్రీటు దిమ్మలో బోల్టులు దిగాలి.

రాయగడ, సైట్ ఇంజనీరు:
అందరికీ ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. లిక్విడ్ లైన్ (కండెన్సర్ నుంచి ద్రవం కిందికి తెచ్చే పైపు) 1-3/8 అని ఒక కొటేషన్, 1-1/8 అని ఇంకోటి. దీన్ని కూడా లావు వేస్తే నయం అనుకున్నాను.

జయపురం, డిజైన్ ఇంజనీరు:
ఇక్కడ కండెన్సర్ పైనుంది కాబట్టి ఎత్తు మీకు సాయం చేస్తుంది. 12 మీటర్ల ద్రవం బరువుకే 1.3 బార్ అదనంగా కలుస్తుంది, పైపులో పోయే నష్టం అందులోంచి తీరిపోతుంది. అదే కండెన్సర్ కింద, చిల్లర్ పైన ఉంటే కష్టం. 10 మీటర్లు ఎక్కేసరికి ఆర్-134ఏ 1.1 బార్ పోగొట్టుకుంటుంది, నాలుగు డిగ్రీల సబ్‌కూలింగ్ (ద్రవమయ్యాక ఇంకా చల్లబడటం) లేకపోతే దారిలోనే బుడగలు పుడతాయి.

కాబట్టి మీకు ఒత్తిడి నష్టం సమస్య కాదు, వేగం, గ్యాస్ పరిమాణం చూడాలి. సొలనాయిడ్ వాల్వు (కరెంటుతో పనిచేసే వాల్వు) ఠక్కున మూసుకున్నప్పుడు పైపు కొట్టుకోకుండా ద్రవం వేగం సెకనుకి ఒకటిన్నర మీటర్లకి మించకూడదు. 1-1/8 లో అది 1.56, హద్దు కొంచెం దాటింది. 1-3/8 లో ఒక మీటరు. కానీ 30 మీటర్ల 1-3/8 పైపులో 27 కిలోల గ్యాస్ నిలబడుతుంది, 1-1/8 లో 18. తొమ్మిది కిలోల తేడా. పంప్‌డౌన్ చేసినప్పుడు (గ్యాస్‌నంతా ఒకచోటికి లాగినప్పుడు) అదంతా రిసీవర్‌లో (ద్రవం నిల్వ ట్యాంకులో) పట్టాలి, అదీ పైన కొంత ఖాళీ ఉంచి. రిసీవర్ కొలత ఇంకా ఖాయం కాకపోతే 1-3/8 వేయండి. ఖాయమై చిన్నదైతే 1-1/8 వేసి సొలనాయిడ్‌ని నెమ్మదిగా మూసుకునే రకం తీసుకోండి.

బరంపురం, ఏసీ కాంట్రాక్టర్:
దీనిలో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒకటి కలుపుతాను. రెండు వాల్వుల మధ్య ద్రవం నిండుగా చిక్కుకుపోయే ముక్క ఎక్కడైనా ఉంటే అక్కడ రిలీఫ్ వాల్వు పెట్టండి. మేడ మీద ఎండకి ద్రవం వ్యాకోచిస్తే రాగి పైపైనా పగులుతుంది. సొలనాయిడ్‌కీ, దాని ముందు చేతి వాల్వుకీ మధ్య ముక్కనే అందరూ మర్చిపోతారు.

గుణుపురం, పైపు మేస్త్రీ:
సైజులు తేలాయి కాబట్టి పని గురించి చెప్తాను. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపు లోపల నైట్రోజన్ సన్నగా పారుతుండాలి. లేకపోతే లోపలి గోడంతా నల్లటి పొలుసు కడుతుంది. ఆర్-134ఏతో వాడే పీఓఈ (పాలియోల్ ఎస్టర్) నూనె ఆ పొలుసుని కడిగి తెచ్చి ఫిల్టర్‌లో, ఎక్స్‌పాన్షన్ వాల్వులో పోస్తుంది. నైట్రోజన్ సిలిండర్ ఖర్చని వద్దనేవాళ్లతో పని చేయకండి. రాగికి రాగి అతికేటప్పుడు ఫాస్ఫరస్ ఉన్న రాడ్డుకి ఫ్లక్స్ అక్కర్లేదు. ఇత్తడి వాల్వు దగ్గర మాత్రం వెండి రాడ్డు, ఫ్లక్స్, వాల్వు మీద తడిగుడ్డ.

రైజర్‌ని కింద, పైన రెండు చోట్లా క్లాంపుతో బిగించేయొద్దు. డిశ్చార్జ్ పైపు 25 నుంచి 75 డిగ్రీలకి పోతే 12 మీటర్ల రాగి సెంటీమీటరు పొడుగవుతుంది. ఒక చోట గట్టిగా పట్టుకుని, మిగతా చోట్ల రబ్బరు ఉన్న క్లాంపులో జారనివ్వాలి. చేతికి అందే ఎత్తులో వేడి పైపు చుట్టూ జాలీ పెట్టండి, ఆసుపత్రిలో పిల్లలు తిరుగుతారు.

లీకు టెస్ట్ నైట్రోజన్‌తోనే, ఆక్సిజన్ ముట్టుకోకూడదు. నూనె ఉన్న సిస్టమ్‌లో ఆక్సిజన్ పేలుతుంది, ఆసుపత్రి సైట్‌లో ఆ సిలిండర్లు పక్కనే ఉంటాయి కాబట్టి మరీ జాగ్రత్త. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో 20 బార్ నింపితే తెల్లవారి 25 డిగ్రీలకి 19.3 చూపిస్తుంది. అది లీకు కాదు, నైట్రోజన్ చల్లబడింది. లీకని వెతుకుతూ రోజంతా సబ్బు నురగ పూసినవాళ్లని చూశాను. ఉష్ణోగ్రత కూడా గేజీ పక్కనే రాసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

తర్వాత లోపలి గాలి, తేమ లాగే వాక్యూమ్ 500 మైక్రాన్ల (మిగిలిన ఒత్తిడి కొలత) కిందికి, మైక్రాన్ గేజీతోనే చూడాలి. పంపు ఆపి వాల్వు మూశాక ముల్లు కొంత లేచి ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉన్నట్టు. ఆగకుండా లేస్తూనే ఉంటే లీకు. వానాకాలంలో పైపు చివరలు మూత లేకుండా రాత్రంతా వదిలేస్తే ఈ పని మూడు రోజులు సాగుతుంది, పీఓఈ నూనె గాలిలోని తేమని అంతలా పీల్చుకుంటుంది.

రాయగడ, సైట్ ఇంజనీరు:
చిల్లర్ కంపెనీ పైపింగ్ పుస్తకం తెప్పించుకుని చూశాను. రైజర్ అడుగున ట్రాప్, పైన తిరగబడిన లూప్ అడిగారు, మధ్యలో ట్రాపుల ప్రస్తావన లేదు. హాట్ గ్యాస్ బైపాస్ మాకు లేదు. అడ్డపైపు 2-1/8, రైజర్ 1-5/8, లిక్విడ్ లైన్ 1-3/8 అని ఆర్డర్ పెడుతున్నాను. రిసీవర్ కొలత ఇంకా మన చేతిలోనే ఉంది. గ్లోబ్ వాల్వు తీసేసి బాల్ వాల్వు రాశాను. ఆయిల్ సెపరేటర్ కూడా ఉంటుంది.

కోరాపుట్ సార్, మీ అనుమానం కొట్టేయలేదు. షాఫ్ట్‌లో రైజర్ పక్కన ఇంకో 1-3/8 పైపు పట్టేంత చోటు వదిలి క్లాంపు ఛానెల్ వెడల్పుగా వేయిస్తున్నాను. మొదటి రెండు నెలలు రాత్రి రెండు గంటలకీ, మధ్యాహ్నం రెండు గంటలకీ సైట్ గ్లాస్‌లో నూనె లెవెల్, హెడ్ ప్రెషర్ రాయిస్తాను.

కోరాపుట్, రిటైర్డ్ ప్లాంట్ ఇంజనీరు:
మంచిది బాబూ. ఆ రీడింగులు ఇక్కడే పెట్టండి. రెండు కంప్రెసర్ల సైట్ గ్లాసులూ విడివిడిగా రాయించండి, ఒకదానిలో నూనె నిండుగా ఉండి రెండోదానిలో తగ్గితే తప్పు రైజర్‌ది కాదు, రెండు సంపుల్నీ కలిపే ఈక్వలైజర్ పైపుది.